‘ఎస్తరా’: భవిష్యత్తూ ఊహా ఒకే రూపంలో

పెద్దలకూ, స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులకూ నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క క్రియారూపం గురించి మాట్లాడదలుచుకున్నాను. అది ‘ఎస్తరా’. ‘ఎస్తార్’ అనే ధాతువుకు, అంటే ఫలానా చోట లేదా ఫలానా స్థితిలో ఉండడాన్ని చెప్పే క్రియకు, భవిష్యత్తులో ప్రథమ పురుష ఏకవచనం ఇది. పాఠ్యపుస్తకంలో దీని పక్కన ‘భవిష్యత్కాలం’ అని రాసి ఉంటుంది, విద్యార్థి అలాగే గుర్తుపెట్టుకుంటాడు. ఆ తరువాత ఒకరోజు ఎవరితోనో మాట్లాడుతూ ‘మీ అన్నయ్య ఎక్కడున్నాడు?’ అని అడిగితే, ‘ఎస్తరా ఎన్ లా ఒఫిసీనా’ అని జవాబు వస్తుంది. ఇప్పుడెక్కడున్నాడని అడిగితే ఎప్పుడో ఉండబోయే చోటు చెబుతున్నారేమిటని విద్యార్థి తికమకపడతాడు. నిజానికి ఆ జవాబు ఇప్పటి సంగతే చెబుతోంది. అన్నయ్య ఆఫీసులో ఉన్నాడని చెప్పినవారు కళ్లారా చూడలేదు, ఈ వేళకు అక్కడే ఉంటాడని అనుకుంటున్నారు, అంతే.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘మన్యానా హువాన్ ఎస్తరా ఎన్ మద్రిద్’ అంటే రేపు హువాన్ మాడ్రిడ్‌లో ఉంటాడు. ‘ఆ ఎస్తాస్ ఓరాస్ హువాన్ ఎస్తరా ఎన్ మద్రిద్’ అంటే ఈపాటికి హువాన్ మాడ్రిడ్‌లో ఉంటాడు. మొదటిది రేపటి మాట, రెండోది ఇప్పటి ఊహ. నేను ఈ రెండింటినీ తెలుగులో చెప్పినప్పుడు క్రియ మార్చలేదని మీరు గమనించే ఉంటారు. రెండు చోట్లా ‘ఉంటాడు’ అనే అన్నాను, వినే మీకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు. స్పానిష్ వ్యాకరణాలు ‘ఊహార్థక భవిష్యత్తు’ అని ప్రత్యేకంగా పేరు పెట్టి చెప్పే ఈ ప్రయోగాన్ని తెలుగు పిల్లవాడు బడికి వెళ్లకముందే వాడుతుంటాడు.

అయినా మన విద్యార్థులకు ఇది కష్టమెందుకు అవుతోందంటే, మనం స్పానిష్‌ను తెలుగు నుంచి కాక ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాం. మన తరగతి గదుల్లో తిరిగే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కోసం రాసినవి. వారికి ఈ ఊహ ఒకచోట ‘మస్ట్ బీ’ అనీ, ఇంకోచోట ‘ప్రాబబ్లీ’ అనీ, ప్రశ్నలోకి వస్తే ‘ఐ వండర్’ అనీ మూడు ముక్కలుగా కనిపిస్తుంది కాబట్టి, పుస్తకం కూడా ఆ మూడింటినీ మూడు సూత్రాలుగా చెప్పి, చివర మినహాయింపుల జాబితాలో చేరుస్తుంది. తెలుగువాడికి ఈ మూడు సూత్రాలతో పనిలేదు. ఇంగ్లీషులోని ‘విల్’కు కూడా ఈ గుణం కొంత ఉన్న మాట నిజమే కానీ, మన ‘ఉంటాడు’కు ఉన్నంత చొరవ దానికి లేదు.

ప్రశ్నల్లో ఈ సంగతి మరీ స్పష్టంగా తెలుస్తుంది. చేతికి గడియారం ఉన్న మనిషిని టైము అడగాలంటే స్పానిష్‌లో ‘కే ఓరా ఎస్?’ అంటారు. మనమైతే ‘టైమెంతయింది?’ అంటాం. అదే, కరెంటు పోయి, ఫోన్లు కూడా ఆఫయిపోయి, ఇద్దరు చీకట్లో కూర్చున్నప్పుడు ఒకరు రెండోవారితో అనే మాట ‘కే ఓరా సెరా?’ ఇక్కడి ‘సెరా’, ‘ఎస్’ అనే రూపానికి భవిష్యద్రూపం. దానికి తెలుగు ‘టైమెంతై ఉంటుంది?’ జవాబు ‘సెరాన్ లాస్ త్రేస్’, ‘మూడై ఉంటుంది’. మొదటి ప్రశ్న అడిగినవారు ఎదుటివారికి జవాబు తెలుసనుకుని అడుగుతారు. రెండో ప్రశ్న అడిగినవారు తమకు తెలియదనీ, ఎదుటివారికీ తెలియదనీ ముందే ఒప్పుకుని, ఇద్దరూ కలిసి ఊహిద్దామని పిలుస్తున్నారు. తలుపు చప్పుడైనప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ‘కియెన్ సెరా?’ అనుకుంటారు, మనం ‘ఎవరై ఉంటారు?’ అనుకున్నట్టే. తలుపు తీయడానికి లేచిన మనిషి మాత్రం తలుపు అవతలివైపు వారిని ‘కియెన్ ఎస్?’ అని అడుగుతారు, ఎందుకంటే అక్కడ నిలబడ్డవారికి తామెవరో తెలుసు కదా. ఒకే గుమ్మం దగ్గర, అర నిమిషం తేడాలో, ఒకే క్రియ రెండు రూపాల్లో వినబడుతుంది. ఈ తేడా చెవికి పట్టిందంటే సగం పాఠం అయినట్టే.

ఇక ఈ రూపం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వివరంగా చెబుతాను. ప్రాచీన లాటిన్‌లో భవిష్యత్తుకు వేరే ప్రత్యయాలుండేవి. ‘అమాబిత్’ అంటే ప్రేమిస్తాడు, ‘అమావిత్’ అంటే ప్రేమించాడు. కాలక్రమంలో జనం నోట బకార వకారాలు కలిసిపోవడంతో ఈ రెండూ ఒకేలా వినబడసాగాయి. పాత భవిష్యద్రూపం వాడుకలోంచి తప్పుకోవడానికి చెప్పే కారణాల్లో ఇది ఒకటి. దాని స్థానంలోకి రెండు మాటల కూర్పు ఒకటి వచ్చింది. ‘కంతారె హబేయో’, మాటకు మాట చెప్పుకుంటే ‘పాడవలసినది నాకు ఉంది’. ఆ రెండో మాట అరిగి అరిగి, మొదటి మాటకు అతుక్కుని, స్పానిష్‌లో ‘కంతరే’ అయింది. ఆ ‘హబేయో’ నుంచే వచ్చిన స్పానిష్ ‘అబేర్’ క్రియకు వర్తమానంలో ఉండే ఎ, అస్, అ, ఎమోస్, అన్ అనే రూపాలనే ఈనాటికీ మనం భవిష్యత్ప్రత్యయాలుగా చదువుతున్నాం. స్పానిష్‌లో హకారం రాస్తారు కానీ పలకరు, కాబట్టి ఆ సంబంధం రాతలో మరుగున పడినా చెవికి తెలుస్తుంది.

ఇది ఇప్పటి భాషాశాస్త్రం కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. 1492లో స్పెయిన్‌లోని సలమాంకాలో అచ్చయిన కాస్తీలియన్, అంటే స్పానిష్, వ్యాకరణంలో నెబ్రీహా అనే పండితుడు, భవిష్యత్తు అనేది ‘కంతార్’ వంటి తుమున్నర్థక రూపానికి ‘అబేర్’ వర్తమానాన్ని చేర్చగా ఏర్పడుతుందని స్పష్టంగా రాశాడు. ఆయనకు అది సులువుగా కనిపించడానికి కారణం, మధ్యయుగాల కాస్తీలియన్‌లో ఆ అతుకు ఇంకా విడిగా కనబడుతూ ఉండడమే. ‘దాన్ని ఇస్తాను’ అనడానికి ఇప్పుడు ‘లో దరే’ అంటారు. అప్పుడు ‘దర్ లో ఎ’ అనికూడా రాసేవారు, కర్మను చెప్పే సర్వనామం ధాతువుకూ ప్రత్యయానికీ నడుమ కూర్చునేది. పోర్చుగీసు గ్రాంథిక శైలిలో ఈ అలవాటు నేటికీ ఉంది. విద్యార్థులను విసిగించే ‘తెంద్రా’, ‘బెంద్రా’, ‘పొంద్రా’, ‘సల్ద్రా’ వంటి పన్నెండు క్రమం తప్పిన ధాతురూపాలు కూడా ఈ అతుకులో పుట్టినవే. ‘తెనేర్’ అనే ధాతువులోని నడిమి అచ్చు జారిపోయి, నకార రేఫలు ఎదురుపడ్డచోట నోరు తిరగడానికి ఒక దకారం చొరబడింది.

‘నాకు పాడవలసి ఉంది’ అనే అర్థం నుంచి ‘పాడతాను’ అనే అర్థానికి రావడం అర్థం చేసుకోవచ్చు. కానీ అక్కడి నుంచి ‘ఈపాటికి పాడుతూ ఉంటాడు’ అనే ఊహ ఎలా పుట్టింది? దీనికి పండితులు రెండు దారుల్లో జవాబు చెబుతారు. వెనెజ్వెలాలో పుట్టి, చిలీలో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయానికి తొలి రెక్టర్ అయిన ఆంద్రేస్ బేయో, 1847లో లాటిన్ అమెరికా పాఠకుల కోసం ప్రచురించిన వ్యాకరణంలో, ఇలాంటి ప్రయోగాలను కాలాల లాక్షణికార్థాలుగా వివరించాడు. ఆయన చూపిన ప్రకారం రూపానికి అసలు అర్థం కాలమే, ఊహ దాని మీద ఆధారపడిన లక్ష్యార్థం. ఇంకా జరగని దాన్ని చెప్పే రూపాన్ని, జరిగిందో లేదో మనకు తేలని దాని మీదికి మళ్లిస్తున్నాం. మరో దారిలో వెళ్లేవారు ఈ రూపానికి మూలార్థం కాలం కాదనీ, వక్తకు ప్రత్యక్షంగా తెలియకపోవడమే దాని మూలార్థమనీ, రేపటి సంగతులు ఎవరికీ ప్రత్యక్షంగా తెలియవు కనుకనే అది భవిష్యత్తుకు కూడా పనికొస్తోందనీ అంటారు. స్పానిష్ అకాడెమీలు కలిసి 2009లో వెలువరించిన కొత్త వ్యాకరణం కూడా ఈ ప్రయోగాన్ని విపులంగా చర్చించింది.

నా మొగ్గు రెండో దారి వైపు. అందుకు ఆధారం నాకు తెలుగులో దొరికింది. మన బడి వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు ‘తద్ధర్మం’ అని నాలుగోది ఒకటి ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి మనకు అలవాటైన పేరది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అనే ఉదాహరణతో మనందరం దాన్ని చదువుకున్నాం. పరీక్ష అయ్యాక మరిచిపోయాం. ‘ఉంటాడు’, ‘వస్తాడు’, ‘చేస్తాడు’ అనే మన రూపాలకు గడియారంలో స్థిరమైన చోటంటూ లేదు. నిత్యం జరిగేదీ, జరగబోయేదీ, జరుగుతూ ఉండవచ్చని మనం అనుకునేదీ, అన్నీ ఆ రూపంలోనే ఒదుగుతాయి. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది, ‘ఇదిగో, నా కళ్ల ముందు జరుగుతోంది’ అనే సాక్ష్యం లేకపోవడం. చుట్టరికమేమీ లేని ద్రావిడ భాష ఒకటీ, లాటిన్ సంతతి భాష ఒకటీ ఒకే మలుపు తిరిగాయంటే, అది ఎవరో కవి చేసిన అలంకారం కాదని నాకు అనిపిస్తుంది.

అయితే ఈ పోలికను పట్టుకుని కళ్లు మూసుకుని నడిస్తే పడిపోయే చోట్లున్నాయి. నా మాటల్లో మీకు ఎక్కువ పనికొచ్చేది ఈ భాగమే.

మొదటిది, అన్నిటికన్నా పెద్దది, అలవాటు చెప్పే వాక్యం. ‘రోజూ 6 గంటలకు లేస్తాను’ అన్న వాక్యాన్ని స్పానిష్‌లోకి తేవాలంటే ‘తోదోస్ లోస్ దియాస్ మె లెబాంతో ఆ లాస్ సెయిస్’ అని వర్తమానంలో చెప్పాలి. మన ‘లేస్తాను’ను నమ్ముకుని ‘మె లెబాంతరే’ అన్నారనుకోండి, వినేవారికి అది మీరు చేసుకున్న తీర్మానంలా వినబడుతుంది. ఇకనుంచి రోజూ పొద్దున్నే లేస్తానని మీరు ప్రతిజ్ఞ చేస్తున్నారనుకుని, వారు మర్యాదగా అభినందిస్తారు కూడా. అలాగే ‘మేం హైదరాబాదులో ఉంటాం’ అనడానికి ‘బిబీమోస్ ఎన్ హైదరాబాద్’ అనాలి, ‘బిబిరేమోస్’ అంటే ముందు ముందు అక్కడికి మకాం మారుస్తారని అర్థం. తెలుగు రూపం మూడు పనులు చేస్తోంది, స్పానిష్ రూపం అందులో రెండే చేస్తుంది. అలవాటును అది ముట్టుకోదు.

రెండోది, కొన్ని క్రియల దగ్గర తెలుగే ఎక్కువ వివరంగా ఉంటుంది. ‘సెరా మెదికో’ అనే వాక్యాన్ని ఏ సందర్భమూ లేకుండా ఇస్తే, అది ‘డాక్టరవుతాడు’ అనైనా కావచ్చు, ‘డాక్టరై ఉంటాడు’ అనైనా కావచ్చు. ‘లో సబ్రా’ అంటే ‘ఆవిడకు తెలుస్తుంది’ కావచ్చు, ‘ఆవిడకు తెలిసే ఉంటుంది’ కావచ్చు. తెలుగులో మనం ‘ఉంటుంది’ అనే సహాయక క్రియను తగిలించి ఊహను వేరుచేస్తున్నాం, స్పానిష్ వేరుచేయదు. అక్కడ దారి చూపేది చుట్టూ ఉన్న మాటలే. ‘మన్యానా’, అంటే రేపు, ఉంటే భవిష్యత్తు. ‘అఓరా’, అంటే ఇప్పుడు, ఉంటే ఊహ. పట్టపగలు తెల్లకోటు వేసుకుని ఎదురైన మనిషిని చూసి అంటే ఊహ, పదో తరగతి చదువుతున్న కుర్రవాడి గురించి అంటే భవిష్యత్తు.

క్రియ స్వభావం కూడా చూడాలి. ఉండడం, కలిగి ఉండడం, తెలియడం వంటి స్థితిని చెప్పే క్రియలు తేలిగ్గా ఊహలోకి వస్తాయి. ‘తెంద్రా త్రేయింతా ఆన్యోస్’ అంటే ‘ఆయనకు 30 ఏళ్లుంటాయి’. కానీ ‘యెగరా’, అంటే చేరుకుంటాడు, వంటి క్షణంలో ముగిసే క్రియ మామూలుగా భవిష్యత్తునే చెబుతుంది. దాన్ని ఇప్పటి ఊహగా చేయాలంటే రూపం మార్చాలి. ‘ఎస్తరా యెగాందో’ అంటే ‘వస్తూ ఉంటాడు’, ‘అబ్రా యెగాదో’ అంటే ‘వచ్చి ఉంటాడు’. ఇక్కడ మనకు అయాచితంగా దొరికే లాభం ఒకటుంది. ఈ రెండు కూర్పులూ తెలుగు కూర్పులకు ముక్కకు ముక్క సరిపోతాయి. ‘పదింటికల్లా వచ్చేసి ఉంటాడు’ అని మనం రేపటి గురించి చెప్పినా, ‘ఈపాటికి వచ్చేసి ఉంటాడు’ అని జరిగిపోయినదాని గురించి ఊహించినా ఒకే రూపం వాడినట్టు, ‘అబ్రా యెగాదో’ కూడా రెండు చోట్లా పనికొస్తుంది. ‘తాళాలు ఎక్కడ పెట్టి ఉంటాను?’ అని మనల్ని మనమే అడుక్కునే ప్రశ్నకు స్పానిష్ ‘దోందె అబ్రే పుయెస్తో లాస్ యావేస్?’ ఉత్తమ పురుషలో, తాను చేసిన పని గురించే, తాను ఊహించుకోవడం అన్నమాట.

మూడో చోటు గతం. ‘అప్పుడు ఆయనకు 20 ఏళ్లుంటాయి’ అని తెలుగులో పాత సంగతికి కూడా ‘ఉంటాయి’ వాడేస్తాం, ‘అప్పుడు’ అన్న మాట ఉంది కాబట్టి చాలనుకుంటాం. స్పానిష్ అందుకు ఒప్పుకోదు. ఇప్పటి ఊహకు ‘తెంద్రా’ అయితే గతం మీది ఊహకు ‘తెంద్రియా’ అనాలి. ‘తెంద్రియా బెయింతె ఆన్యోస్’. పుస్తకాల్లో దీన్ని షరతును చెప్పే రూపంగా పరిచయం చేస్తారు కాబట్టి, ‘ఇక్కడ షరతేదీ?’ అని విద్యార్థి వెతుక్కుంటాడు. బేయో దీనికి పెట్టిన పేరు ‘పోస్‌ప్రెతేరితో’, అంటే భూతానికి తరువాతిది. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఈ పేరే వాడతారు, నాకూ అదే నచ్చుతుంది. ‘దీహో కె బెంద్రియా’, ‘వస్తానన్నాడు’ అనే వాక్యంలో, అతను మాట అన్న క్షణం నుంచి చూస్తే రావడం తరువాతి సంగతి. మనం అతని నోటి మాటను ‘వస్తాను’ అని ఉన్నదున్నట్టు అందిస్తాం, వారు దాన్ని గతంలోకి జరిపి చెబుతారు. ‘ఎస్తరా’కు ఇప్పటితో ఎలాంటి సంబంధమో ‘ఎస్తరియా’కు అప్పటితో అలాంటి సంబంధం. భవిష్యత్తులోనైనా ఊహలోనైనా ఈ లెక్క తప్పదు. ‘సెరాన్ లాస్ త్రేస్’ అంటే ఇప్పుడు మూడై ఉంటుంది, ‘సెరియాన్ లాస్ త్రేస్’ అంటే అప్పటికి మూడై ఉంటుంది.

ఊహలో పాళ్లు కూడా ఉంటాయి. ‘ఎస్తా ఎన్ కాసా’ అంటే ఇంట్లో ఉన్నాడు, సందేహం లేదు. ‘దేబె దె ఎస్తార్’ అంటే ఉండాలి, ఏదో ఆధారం చూసి అంటున్న మాట. ‘ఎస్తరా’ అంటే ఉంటాడు. ‘కిసా ఎస్తే’ అంటే ఉన్నాడేమో, ఇక్కడ క్రియ సంభావనార్థకంలోకి, అంటే సందేహాన్ని చెప్పే వేరే రూపంలోకి, మారిపోతుంది. మన ‘ఉండాలి’కి విధి, ఊహ అనే రెండర్థాలూ ఉన్నట్టే ‘దేబె’కూ ఉన్నాయి. ఊహకు ‘దె’ చేర్చి, విధికి చేర్చకుండా వాడమని స్పానిష్ అకాడెమీ సిఫారసు చేస్తుంది కానీ, మాట్లాడేవారు ఈ తేడాను అంత నిష్ఠగా పాటించరు.

ఇదే రూపం వాదనలో ఎదుటివారి మాటను సగం ఒప్పుకోవడానికీ వస్తుంది. ‘సెరా ముయ్ రీకో, పెరో...’ అంటే ‘బాగా డబ్బున్నవాడే అయి ఉండొచ్చు, కానీ...’ అని. ఇక్కడ వక్త నిజంగా ఊహించడం లేదు. ఆ మాటను ఎదుటివారి ఖాతాలోకి నెట్టి, తన అసలు మాటను ‘కానీ’ తరువాత చెబుతాడు. ఇక పది ఆజ్ఞల్లోని ‘నో మతరాస్’, ‘హత్య చేయకూడదు’ అనే ఆజ్ఞ కూడా రూపరీత్యా భవిష్యత్తే. బైబిలు, చట్టాల భాష దాటి అది మామూలు మాటల్లో అంతగా వినబడదు కనుక దాన్ని ఇంతటితో వదిలేస్తాను.

రేపటి సంగతులు చెప్పడానికి ఈ రూపమే దిక్కని మాత్రం అనుకోకండి. మాటల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికా దేశాల్లో, ‘బా ఆ యోబేర్’, అంటే ‘వాన పడబోతోంది’, అనే తరహాలో ‘వెళ్లు’ ధాతువుతో చేసిన కూర్పునే ఎక్కువగా వాడతారు. దగ్గరలో జరగబోయేదానికి ‘మన్యానా యేగో’ అని వర్తమానంలోనే చెప్పడమూ మామూలే. మనం ‘రేపు వస్తున్నాను’ అన్నట్టుగా ‘ఎస్తోయ్ యెగాందో మన్యానా’ అంటే మాత్రం కుదరదు. భవిష్యత్తు చెప్పే పనిని ఇలా ఇతర రూపాలు పంచుకోవడంతో, ఆ ప్రాంతాల వాడుకలో ‘ఎస్తరా’ వంటి రూపాలు వినబడినప్పుడు అవి ఊహను చెప్పే సందర్భాలే ఎక్కువ. టెక్సస్ వంటి చోట్ల స్థిరపడి, పిల్లలను బడిలో స్పానిష్ తీసుకోమంటున్న మన కుటుంబాలకు చుట్టుపక్కల వినబడేది ప్రధానంగా మెక్సికో స్పానిష్. వాళ్లు ‘సెరా’ అనే రూపాన్ని ముందు ‘అయి ఉంటుంది’గానూ, తరువాత ‘అవుతుంది’గానూ నేర్చుకోవడమే మేలని నేను అంటాను. పుస్తకం చెప్పే వరుస దీనికి తలకిందులు.

చివరగా పత్రికలు చదివేవారికి ఒక మాట. ‘ఎల్ మినిస్త్రో అబ్రియా ఫిర్మాదో ఎల్ అక్వెర్దో’ అని వార్తలో కనబడితే, మంత్రి ఏదో షరతు మీద సంతకం పెట్టేవాడని అర్థం చేసుకోకండి. ‘మంత్రి ఒప్పందంపై సంతకం చేసినట్టు సమాచారం’ అని దాని తాత్పర్యం. విలేకరి తన మీద బాధ్యత పడకుండా గతం మీది ఊహారూపం వెనక నిలబడుతున్నాడు. భాషా సంస్కర్తలు దీన్ని ఎప్పటినుంచో తప్పుపడుతున్నారు, రూఢి కాని సంగతిని రూఢి కాలేదనే సూటిగా రాయమంటున్నారు. పత్రికలు మాత్రం రాస్తూనే ఉన్నాయి. పరీక్షలో ఈ వాక్యమిచ్చి తాత్పర్యం అడిగితే సంతకం జరిగిందనీ రాయకండి, జరగలేదనీ రాయకండి. జరిగిందని ఎవరో అంటున్నట్టు పత్రిక చెబుతోందని రాయండి.